గైడ్ ఎంపిక, పీహెచ్‌డీ నిబంధనలు: తేలిన సంగతులు, తేలని చిక్కులు

పీహెచ్‌డీలో చేరాలనుకునేవాళ్లకు ముందు ఆ దారిన నడిచినవాళ్లు మొదట చెప్పే మాట, టాపిక్ కంటే గైడ్‌ను చూసుకొమ్మని. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనలేమో గైడ్ కేటాయింపును విద్యార్థికి గానీ అధ్యాపకుడికి గానీ వదలకూడదనీ, అది డిపార్ట్‌మెంటు చేయాల్సిన పని అనీ రాశాయి. చూసుకొమ్మంటుంది అనుభవం. ఆ పని నీది కాదంటుంది నిబంధన. ఆ తర్వాత 2016లో ఒకసారి, 2022లో ఒకసారి నిబంధనలు మారాయి. కోర్స్ వర్క్ వచ్చింది, ఎంఫిల్ పోయింది. పత్ర ప్రచురణ తప్పనిసరి అయింది, మళ్లీ ఆ పట్టు సడలింది. ప్రవేశ పరీక్ష చోటులోకి జాతీయ అర్హత పరీక్ష (నెట్) స్కోరు వచ్చి కూర్చుంటోంది. ఒక్కో మార్పు మీద ఒక్కో వాదం నడిచి, అవన్నీ ఇప్పుడు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి.

ఈ ముడి విప్పి చూస్తే ఒక సంగతి కనబడుతుంది. ఎవరిని చేర్చుకోవాలి, దేనికి పట్టా ఇవ్వాలి అన్న రెండు కొసల మీదే చర్చంతా సాగింది. నిబంధనలు కూడా అక్కడే చిక్కబడ్డాయి. మధ్యలో ఉన్న నాలుగైదేళ్లు, అంటే గైడూ స్కాలరూ కలిసి పనిచేయాల్సిన అసలు కాలం, ఎవరు ఎవరికి ఏం చేసిపెట్టాలో సరిగా రాసుకోని కాలంగానే మిగిలిపోయింది.

గురువు ఇంటి నుంచి కమిటీ గది దాకా

ఈనాటి పీహెచ్‌డీ పుట్టిల్లు జర్మనీ. 1810లో మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయం బోధననూ పరిశోధననూ ఒకే కప్పు కిందికి తెచ్చింది. అక్కడ పరిశోధనను నడిపించే ప్రొఫెసర్‌ను ఇప్పటికీ ‘డాక్టర్ తండ్రి’ అనే అర్థమొచ్చే మాటతోనే పిలుస్తారు. ఆ సంబంధంలో ఆదరణా ఉంది, అధికారమూ ఉంది. అమెరికాలో తొలి పీహెచ్‌డీలను 1861లో యేల్ ఇచ్చింది. 1876లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది. కోర్సులు, సెమినార్లు, మధ్యలో అర్హత పరీక్ష, ముగ్గురు నలుగురు సభ్యుల కమిటీ అనే చట్రం అక్కడ స్థిరపడింది. బ్రిటన్ ఆలస్యంగా కదిలింది. ఆక్స్‌ఫర్డ్ ఈ పట్టాను 1917లో గానీ మొదలుపెట్టలేదు. అక్కడ కోర్సులు లేవు. ఒక సూపర్‌వైజర్, ఒక థీసిస్, చివర్లో బయటి పరీక్షకుడితో వైవా. సూపర్‌వైజర్ పరీక్షకుడిగా కూర్చోడు.

మనకు వచ్చింది బ్రిటన్ చట్రం. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం పరిశోధన అంటే ఒక ఆచార్యుడు, ఒక శిష్యుడు, ఒక గ్రంథం. బిరుదురాజు రామరాజు ఖండవల్లి లక్ష్మీరంజనం పర్యవేక్షణలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో పరిశోధన చేసిన 1950ల్లో ప్రీ-పీహెచ్‌డీ పరీక్ష లేదు, ఆరు నెలలకోసారి సమీక్ష లేదు, ఫలానా పత్రికలో ప్రచురించి తీరాలన్న షరతూ లేదు. తెలుగులో జానపద పరిశోధన ఒక శాస్త్రంగా నిలదొక్కుకోవడానికి ఆ గ్రంథం పునాది అయింది. అదే పద్ధతిలో పదేళ్లు, పన్నెండేళ్లు గడిపి పట్టా లేకుండా వెళ్లిపోయినవాళ్ల లెక్క మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. పాత పద్ధతిని తలచుకునేవాళ్లు మొదటి కోవనే గుర్తుంచుకుంటారు, సంస్కరణలు కోరినవాళ్లు రెండో కోవను చూపిస్తారు. ఇద్దరు చెప్పేదీ నిజమే.

గొప్ప పరిశోధకులు గైడ్‌ల వల్లే తయారవుతారన్న నమ్మకాన్ని కూడా కాస్త సర్దుకోవాలి. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో ఆర్.ఎ.ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. కానీ ఆయన పేరును శాస్త్రంలో శాశ్వతం చేసిన పత్రం అంతకు మూడేళ్ల ముందే, 1945లో, కలకత్తాలో అచ్చయింది. పట్టా, గైడ్, పరిశోధన మూడూ కలిసి నడిచే సందర్భాలు ఎన్నో, విడివిడిగా నడిచేవీ అన్ని ఉంటాయి.

2009 తర్వాత జరిగింది స్థూలంగా ఇదీ: బ్రిటన్ నుంచి వచ్చిన చట్రం మీద అమెరికా కోర్సులనూ కమిటీనీ అంటుకట్టారు. అంటు బతికిందా లేదా అన్నదే నేటి వాదం.

మూడు దఫాల నిబంధనలు

2009 నాటి నిబంధనలు విచ్చలవిడితనాన్ని ఆపడానికి వచ్చాయి. ప్రవేశ పరీక్ష పెట్టాలి, ఒక సెమిస్టర్ కోర్స్ వర్క్ చేయించాలి, ఒక గైడ్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించి పీహెచ్‌డీ స్కాలర్లు ఉండకూడదు, థీసిస్ ఇచ్చేముందు ఒక పత్రమైనా అచ్చు కావాలి. గైడ్ కేటాయింపు డిపార్ట్‌మెంటుది.

2016 దఫా ఆ గీతలను దిద్దింది. ప్రొఫెసర్‌కు ఎనిమిది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఆరు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నాలుగు అని స్కాలర్ల సంఖ్యను హోదాతో ముడిపెట్టింది. కనిష్ఠ కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. స్త్రీలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ మరో రెండేళ్లు. స్త్రీలకు 240 రోజుల ప్రసూతి సెలవు. ఆరు నెలలకోసారి పరిశోధనా సలహా సంఘం, అంటే స్కాలర్లందరూ ఆర్‌ఏసీ అని పిలిచేది, కూర్చోవాలి. ఒక పత్రం, రెండు సదస్సు ప్రసంగాలు తప్పనిసరి.

2022 నవంబరులో వచ్చినవి కొన్నిచోట్ల సడలించాయి, కొన్నిచోట్ల బిగించాయి. ప్రచురణ షరతు తొలగిపోయింది. ఎంఫిల్ రద్దయింది. నాలుగేళ్ల డిగ్రీని 75 శాతం మార్కులతో ముగించినవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. కోర్స్ వర్క్ కనీసం 12 క్రెడిట్లు. ఆరేళ్లలో ముగియకపోతే రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. అన్ని మినహాయింపులూ కలిపి స్త్రీలకైనా, వికలాంగులకైనా పదేళ్లు దాటకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు మిగిలిన అధ్యాపకులు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే అనుమానం మారుతూ వచ్చిన తీరు తెలుస్తుంది. 2009లో గైడ్ మీద అనుమానం, 2016లో స్కాలర్ కాలయాపన మీద అనుమానం, 2022లో పత్రికల మీద అనుమానం. మూడు అనుమానాలకూ ఆధారాలున్నాయి. 2016లోనూ 2022లోనూ మారనిది ఒకటుంది: ఆర్‌ఏసీకి కన్వీనర్ స్కాలర్ సొంత గైడే.

ఎవరు ఎంచాలి?

స్కాలరే ఎంచుకోవాలనేది మొదటి వాదం. ఐదేళ్లు కలిసి పనిచేయాల్సిన ఇద్దరిలో ఒకరికి ఎంపికే లేకపోతే ఆ పొత్తు నిలవదంటారు వీళ్లు. విదేశీ దరఖాస్తుల్లో కొన్ని శాఖల వాళ్లు ముందే ప్రొఫెసర్‌కు రాసి, ఆయన లేదా ఆమె ఒప్పుకున్నాకే చేరడం వీళ్లకు ఉదాహరణ. ఈ వాదంలో బలం ఉంది. బలహీనత కూడా అక్కడే ఉంది. ప్రొఫెసర్‌కు ముందే రాయగల ధైర్యం, ఎవరికి రాయాలో తెలిసిన పరిచయం అందరికీ ఒకేలా ఉండవు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటిన అమ్మాయికి ఆ ప్రొఫెసర్ గది తలుపు తట్టడమే పెద్ద పని.

డిపార్ట్‌మెంటే కేటాయించాలన్న రెండో వాదం ఇక్కడ పుట్టింది. ప్రాంతం, కులం, పరిచయం చూసి స్కాలర్లను ఏరుకునే అలవాటును అడ్డుకోవాలంటే కేటాయింపు బహిరంగంగా జరగాలన్నది దీని సారం. ఇది ఊహాజనితమైన భయం కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2008లో ఒక పరిశోధక విద్యార్థి, 2013లో మరొకరు ప్రాణాలు తీసుకున్నప్పుడు, గైడ్ కేటాయింపులో జాప్యం, అస్పష్టత అనే అంశాలు బహిరంగ చర్చలోకి వచ్చాయి. ఇద్దరూ దళిత విద్యార్థులు. చేరాక నెలలు, ఏళ్లు గైడ్ లేకుండా గడిపే స్కాలర్‌కు ఫెలోషిప్ ఆగుతుంది, టాపిక్ రిజిస్టర్ కాదు, తోటివాళ్లు ముందుకు వెళ్తుంటే తను మాత్రం డిపార్ట్‌మెంటు వరండాలో నిలబడి ఉండాలి. ఎంపిక స్వేచ్ఛ గురించి మాట్లాడే ప్రతిసారీ ఆ వరండాను గుర్తుపెట్టుకోవాలి.

మూడో వాదం, ఎంపికను కొంత వాయిదా వేయమంటుంది. అమెరికాలో జీవశాస్త్ర శాఖలు చాలావరకు మొదటి ఏడాది విద్యార్థిని రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున తిప్పుతాయి. ఆ తర్వాతే గైడ్ ఖాయమవుతారు. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్) వంటి సంస్థలూ ఈ ల్యాబ్ రొటేషన్ పద్ధతిని పాటిస్తున్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే వీలు, ఇద్దరికీ కాదనే వీలు ఉన్న పద్ధతి ఇదొక్కటే. నా దృష్టిలో మూడింటిలో న్యాయమైనది ఇదే. కాకపోతే దీనికి ల్యాబులు కావాలి, డబ్బు కావాలి, ఒక ఏడాది ఆగగలిగే వ్యవధి కావాలి. తెలుగు శాఖలోనో చరిత్ర శాఖలోనో రొటేషన్ అంటే ఏమిటన్నది ఎవరూ గట్టిగా ఆలోచించలేదు. కోర్స్ వర్క్ సెమిస్టర్‌లో ప్రతి స్కాలర్ ఇద్దరు అధ్యాపకుల దగ్గర చెరో చిన్న వ్యాసం రాసి, ఆ తర్వాత కేటాయింపు జరిగితే సరిపోతుంది. అందుకు నిబంధన మారనక్కర్లేదు. ఉన్న కోర్స్ వర్క్‌ను వాడుకుంటే చాలు.

ఖాళీల లెక్క

ఎంపిక గురించి ఎంత వాదించినా, ఎంచుకోవడానికి ఎందరున్నారన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఒక డిపార్ట్‌మెంటులో ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక అసోసియేట్, ఒక అసిస్టెంట్ ఉన్నారనుకుందాం. రెండు ఎనిమిదులు పదహారు, ఒక ఆరు, ఒక నాలుగు, మొత్తం 26 స్థానాలు. ఒక్కో స్కాలర్ సగటున ఐదేళ్లు ఉంటే ఏడాదికి ఖాళీ అయ్యేవి ఐదు. ప్రొఫెసర్లలో ఒకరికి రిటైర్మెంట్ దగ్గరపడితే ఆ ఎనిమిది స్థానాలు తీసేయాలి. మిగిలిన 18లో ఏడాదికి మూడో నాలుగో. వాటిని రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం పంచాలి. తన పరిశోధనాంశానికి సరిపడే గైడ్ దగ్గరే ఖాళీ ఉండటం అప్పుడు అదృష్టం మీద ఆధారపడుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ రెగ్యులర్ బోధనా నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోవడం ఈ లెక్కను ఇంకా కుదించింది. పాఠాలు చెప్పేది చాలాచోట్ల కాంట్రాక్టు అధ్యాపకులు. పీహెచ్‌డీ ఉన్నా, పత్రాలు ఉన్నా రెగ్యులర్ కాకపోతే వాళ్లు గైడ్ కాలేరు. నాణ్యత కోసం పెట్టిన ఈ షరతు, నియామకాలు జరిగే చోట సబబే. జరగని చోట మాత్రం తరగతి గదిలో స్కాలర్‌కు బాగా తెలిసిన అధ్యాపకుడు గైడ్ కాలేకపోవడం, ఎన్నడూ పాఠం వినని మరొకరు గైడ్ కావడం దాని ఫలితం. ఈ ఇబ్బందికి పరిష్కారం యూజీసీ పుస్తకంలో లేదు, రాష్ట్ర ప్రభుత్వాల నియామక ఉత్తర్వుల్లో ఉంది. పీహెచ్‌డీ నాణ్యత చర్చల్లో ఈ మాట అరుదుగా వినిపించడం విచారకరం.

ఒక్క సంతకం కోసం

గైడ్‌కు ఉన్న అధికారం ఎంతో తెలియాలంటే ఉపన్యాసాలు వద్దు, కాగితాలు చూడాలి. ఫెలోషిప్ ఉన్న స్కాలర్ చేరగానే ఇచ్చే జాయినింగ్ రిపోర్టు మీద గైడ్ సంతకం కావాలి. స్కాలర్ పని చేస్తున్నట్టు నెలనెలా ఇచ్చే ధ్రువీకరణ మీద సంతకం కావాలి, అది పడితేనే డబ్బు ఖాతాలో పడుతుంది. కంటింజెన్సీ బిల్లుల మీద సంతకం. సెలవు చీటీ మీద సంతకం. సదస్సుకో, ఫీల్డ్‌వర్క్‌కో వెళ్లాలంటే సంతకం. ఆరు నెలల ప్రోగ్రెస్ రిపోర్టు మీద, జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నుంచి సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)కు మారే రెండేళ్ల మదింపు మీద, సినాప్సిస్ మీద, గ్రంథచౌర్యం తనిఖీ నివేదిక మీద, చివరికి థీసిస్ మొదటి పేజీల్లో ఉండే సర్టిఫికెట్ మీద సంతకం. నెలకు ఒకటి చొప్పున లెక్కేసినా ఐదేళ్లలో అరవైకి తగ్గవు.

ఆ ప్రోగ్రెస్ రిపోర్టు ఫారాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. మామూలుగా ఒక పేజీ. పైన పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, టాపిక్. మధ్యలో ఈ ఆరు నెలల్లో చేసిన పని, రాబోయే ఆరు నెలల్లో చేయబోయే పని. కింద గైడ్ అభిప్రాయం కోసం రెండు గీతలు. చాలా ఫారాల్లో ఆ రెండు గీతల మీద ‘సంతృప్తికరం’ అన్న ఒక్క మాట ఉంటుంది. ఈ ఆరు నెలల్లో ఎన్నిసార్లు కలిశారు, ఇచ్చిన అధ్యాయం చదివి ఎన్నాళ్లకు తిరిగిచ్చారు అని అడిగే గడి ఎక్కడా లేదు. ఏదైనా తేడా వచ్చి ‘అసంతృప్తికరం’ అని రాస్తే, ఆర్‌ఏసీ కారణాలు నమోదు చేసి దిద్దుబాటు సూచిస్తుంది, అప్పటికీ కుదరకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయవచ్చు. గైడ్ పని అసంతృప్తికరమైతే ఏం చేయాలో ఆ నిబంధనలో లేదు.

చాలామంది గైడ్‌లు ఈ సంతకాలను ఏ పట్టింపూ లేకుండా, స్కాలర్‌ను నిలబెట్టకుండా పెడతారు. ఏ అధికారమైనా దుర్వినియోగం అయ్యేది కొందరి చేతుల్లోనే. అయినా బ్యాంకు పనులు, కరెక్షన్ పేపర్లు, ఇంటి పనులు స్కాలర్లతో చేయించుకునే అలవాటు గురించి క్యాంపస్‌ల్లో ఇన్నేళ్లుగా మాట ఆగలేదంటే, ఆ పని వద్దనగల మార్గం స్కాలర్‌కు కనిపించకపోవడమే కారణం.

కోర్సులు, పత్రాలు, గడువులు

డిగ్రీ నిబంధనల్లో కోర్స్ వర్క్ మీద వాదం దాదాపు చల్లారింది. పరిశోధన పద్ధతులు ఒక సెమిస్టర్ నేర్పడం మంచిదేనని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. 2019 చివర్లో పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు కూడా తప్పనిసరైంది. దాన్ని ఎవరు ఎలా చెబుతున్నారన్నది వేరే సంగతి. గ్రంథచౌర్యం విషయంలో 2018 నిబంధనలు మెట్లు కట్టాయి. 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే సరిదిద్ది ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా ఏడాది పాటు థీసిస్ ఇవ్వకూడదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. తెలుగులో రాసిన థీసిస్‌ల దగ్గర ఈ అంకెల మీద అతిగా నమ్మకం పెట్టుకోకూడదు. పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ వెతికేది తనకు అందుబాటులో ఉన్న కంప్యూటర్ పాఠ్యంలోనే. పాత తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం స్కాన్ బొమ్మలుగానే ఉన్నాయి, కొన్ని అలా కూడా లేవు. తెలుగు థీసిస్ నిజాయతీని ఇవాళ్టికీ కాపాడేది చదివిన పరీక్షకుడి జ్ఞాపకమే.

వేడి తగ్గనిది ప్రచురణ వాదం. పత్రం అచ్చయితేనే థీసిస్ అన్న షరతు పరిశోధకులను లోకం ముందు నిలబెడుతుందనుకున్నారు. జరిగింది వేరు. షరతు తీర్చుకోవడానికి డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. ఆ సంతకు హైదరాబాద్‌తో దగ్గరి సంబంధమే ఉంది. ఇక్కడి కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో, పరిశోధకులను మోసగించినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అక్కడి కోర్టు తీర్పిచ్చింది. యూజీసీ 2017లో ఆమోదిత పత్రికల జాబితా పెట్టి, మరుసటి ఏడాది మే నెలలో దాన్నుంచి 4,305 పేర్లు తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన కేర్ జాబితానూ 2025 ఫిబ్రవరిలో నిలిపేసింది. పత్రికల మంచి చెడ్డలు తేల్చుకునే పని విశ్వవిద్యాలయాలకే వదిలింది.

2022లో షరతు తొలగించడం సరైన పనే. కాకపోతే అచ్చయిన పత్రం లేనిదే ఉద్యోగం రాదు కాబట్టి ఒత్తిడి తగ్గలేదు, చోటు మార్చుకుంది. కొన్ని సంస్థలు తమ సొంత నిబంధనల్లో పత్రాన్ని ఇంకా అడుగుతూనే ఉన్నాయి. యూజీసీ పెట్టేది కనీస ప్రమాణం, దానికి మించి అడిగే వీలు సంస్థకు ఉంది. అందుకే చేరేవాళ్లు చదవాల్సింది యూజీసీ పత్రాన్ని మాత్రమే కాదు, తమ విశ్వవిద్యాలయం ఆర్డినెన్సును కూడా. పేచీలు వచ్చేది ఎక్కువగా ఆ రెండో కాగితం మీదే.

గడువుల దగ్గర ఒక పొంతనలేని లెక్క ఉంది. జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ మూడేళ్లు, మొత్తం ఐదేళ్లే ఫెలోషిప్. గడువేమో ఆరేళ్లు. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. ఆరో ఏడు సున్నా. థీసిస్ రాసుకునే ఏడాది, గైడ్ దిద్దాల్సిన ఏడాది, చేతిలో డబ్బు లేని ఏడాది ఒకటే అవుతుంది. ఫెలోషిప్ లేనివాళ్లది ఇంకా కష్టం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నాన్-నెట్ సాయం కింద పీహెచ్‌డీకి ఇచ్చే నెలకు 8,000 రూపాయలను కూడా తీసేయాలని 2015లో చూసినప్పుడు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు విద్యార్థులు నెలల పాటు కూర్చున్నారు.

ఎలాంటి గైడ్?

పేరున్న ప్రొఫెసర్ మేలని ఒక పక్షం, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలని మరో పక్షం. మొదటి పక్షానికి సిఫారసు ఉత్తరం బలం, పరీక్షకులతో పరిచయం బలం. రెండో పక్షం, కొత్తవాళ్లకు తీరిక ఉంటుందనీ, విషయం మీద తాజా పట్టు ఉంటుందనీ చెబుతుంది. ఈ వాదాన్ని తేల్చే సాధారణ సూత్రమేదీ లేదు. ఒక్కో గైడ్ విషయంలో మాత్రం ఆధారాలు దొరుకుతాయి, వాటిని వాడుకునేవాళ్లే తక్కువ.

ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో గైడ్ పేరుతో వెతికితే ఆ గైడ్ దగ్గర పూర్తయిన థీసిస్‌లు వరసగా కనిపిస్తాయి. ఎన్ని, ఏ ఏడాదుల్లో, ఏ అంశాల మీద అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. రెండు మూడు తెరిచి చూస్తే ఇంకొంచెం తెలుస్తుంది. తెలుగు శాఖల్లో ‘ఫలానా రచయిత నవలలు - సమగ్ర పరిశీలన’, ‘ఫలానా కవి కావ్యాలు - అనుశీలన’ అన్న అచ్చు ఎంత పాతుకుపోయిందో అందరికీ తెలుసు. ఒక గైడ్ దగ్గర పదింటిలో తొమ్మిది అదే అచ్చులో ఉంటే, మొదటి అధ్యాయం రచయిత జీవితం, రెండోది కథా సంగ్రహాలు అయితే, అక్కడ చేరే స్కాలర్ థీసిస్ కూడా అలాగే ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న, ఒక్కో తీరు ఉంటే ఆ గైడ్ స్కాలర్లను వాళ్ల దారిన వెళ్లనిస్తున్నారని అర్థం. ఈ జాబితాలో చేరి మానేసినవాళ్ల పేర్లు ఉండవు. ఆ సంగతి ప్రస్తుత స్కాలర్లను అడిగితేనే తెలుస్తుంది.

గైడ్ తీరుకూ స్కాలర్ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం ఇప్పుడు అంచనాల స్థాయి దాటింది. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 3,659 మంది పరిశోధక విద్యార్థుల మీద చేసి 2017లో వెలువరించిన అధ్యయనం, ప్రతి ముగ్గురిలో ఒకరికి మానసిక రుగ్మత ముప్పు ఉందనీ, అందులో గైడ్ నడిపించే తీరుకు పాత్ర ఉందనీ చూపింది. అమెరికాలో పదేళ్లలో పీహెచ్‌డీ ముగిస్తున్నవారు దాదాపు 57 శాతమని గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి 2008లో లెక్క తీసింది. ఇంజనీరింగ్‌లో కాస్త ఎక్కువ, మానవీయ శాస్త్రాల్లో సగానికి అటూ ఇటూ. మన దేశంలో విశ్వవిద్యాలయాలు ఇలాంటి లెక్కను శాఖలవారీగా, గైడ్‌లవారీగా బయటపెడితే ఎంపిక వాదంలో సగం తీరిపోతుంది.

అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులకు ఒక చిన్న హెచ్చరిక అవసరం. అక్కడ ‘అడ్వైజర్’ అన్న ఒకే మాట ఇద్దరికి వాడతారు. ఒకరు క్రెడిట్లు, గడువులు సరిచూసే వ్యక్తి. మరొకరు పరిశోధన నడిపే ప్రొఫెసర్. ఎంఎస్‌లో థీసిస్ లేకుండా కోర్సులతో ముగించే దారి ఎంచుకున్నవాళ్లకు మొదటివారితోనే పని. థీసిస్ దారిలోనో పీహెచ్‌డీలోనో వెళ్లేవాళ్లకు రెండోవారి గ్రాంటే జీతం, ట్యూషన్ ఫీజు. ఆ పొత్తు చెడితే వీసా మీద ఉన్న విద్యార్థికి చదువుతోపాటు ఆ దేశంలో ఉండే వీలు కూడా చిక్కులో పడుతుంది.

మధ్యలో విడిపోతే

అన్నిటికంటే తక్కువ చర్చ జరిగింది గైడ్ మార్పు మీద. స్త్రీ స్కాలర్ పెళ్లి వల్ల గానీ మరో కారణంతో గానీ వేరే ఊరికి మారితే, పరిశోధన సమాచారాన్ని కొత్త విశ్వవిద్యాలయానికి తీసుకుపోవచ్చని 2016 నిబంధనలూ, 2022 నిబంధనలూ చెబుతాయి. పాత గైడ్‌కు దక్కాల్సిన గుర్తింపు ఇవ్వాలి, ఆ పని ఏ సంస్థో డబ్బిచ్చిన ప్రాజెక్టులో భాగం కాకూడదు. ఇది మేలైన నిబంధనే. ఊరు మారకుండా, అదే డిపార్ట్‌మెంటులో, గైడ్‌తో పొసగక మారాల్సి వస్తే ఏమిటన్నదాన్ని మాత్రం విశ్వవిద్యాలయాలకు వదిలేశారు. వాటిలో చాలావరకు ప్రస్తుత గైడ్ నుంచి నిరభ్యంతర పత్రం అడుగుతాయి. ఎవరి దగ్గర్నుంచి బయటపడాలనుకుంటున్నామో వాళ్ల సంతకంతోనే బయటపడాలి.

ఫిర్యాదుకు వేదికలున్నాయి. 2023లో వచ్చిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు కమిటీనీ, అంబుడ్స్‌పర్సన్‌నూ ఏర్పాటు చేయమన్నాయి. వేధింపు, వివక్ష జరిగిన చోట అవి కావాల్సిందే. అయితే గైడ్‌తో పొసగకపోవడం ప్రతిసారీ నేరం కాదు. ఒకరి ఆసక్తి మారుతుంది, మరొకరికి పరిపాలన బాధ్యతలు పెరుగుతాయి. అటువంటప్పుడు గైడ్ మార్పు ఒక ఫిర్యాదుగా కాకుండా హాస్టల్ గది మార్పు లాంటి మామూలు దరఖాస్తుగా ఉండాలి. కొన్ని ఐఐటీల్లో డాక్టోరల్ కమిటీకి గైడ్ కాకుండా మరో ప్రొఫెసర్ అధ్యక్షత వహిస్తారు. ఆర్‌ఏసీలో అంత చిన్న మార్పు చేసినా, ఆ దరఖాస్తును చేతికిచ్చేందుకు స్కాలర్‌కు మరో మనిషి దొరుకుతారు. థీసిస్‌ను ఇద్దరు బయటి పరీక్షకులతోపాటు గైడ్ కూడా మదింపు చేసే మన పద్ధతిలో ఈ మార్పు అవసరం మరింత ఎక్కువ.

ఇక తేలనిది, చేసిన పని ఎవరిదన్నది. యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆయనకు అక్కడ పీహెచ్‌డీ వచ్చింది 1930లో. పద్ధతికి ఇద్దరి పేర్లూ నిలిచాయి. కానీ సుబ్బారావు వేరుచేసిన పదార్థాల్లో కొన్నిటిని ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని, ఫిస్క్ వాటిని వెలుగులోకి రానీయలేదని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పాడు. ఇవాళ గైడ్ మారిన స్కాలర్ రెండేళ్ల ప్రయోగాల నోటుపుస్తకం పాత ల్యాబ్‌లోనే ఉండిపోతుంది. జానపద పరిశోధకుడు ఊరూరా తిరిగి చేసిన రికార్డింగులు డిపార్ట్‌మెంటు బీరువాలో ఉండాలా, తన దగ్గర ఉండాలా, ఆ పాట పాడిన మనిషి దగ్గర ఉండాలా అన్నదానికి యూజీసీ మూడు దఫాల నిబంధనల్లోనూ జవాబు లేదు.